మన వీధిలోకి ఎవరు రావచ్చు?

ప్రశ్న: నమస్కారం అండి. మేం న్యూజెర్సీలో ఒక టౌన్‌షిప్‌లో పదకొండేళ్ళుగా ఉంటున్నాం. ఇద్దరం ఐటీలోనే. ఒక్కతే పాప, తొమ్మిదేళ్ళు. మా ఇంటికి మైలు దూరంలో ఖాళీగా పడి ఉన్న ఆఫీసు స్థలంలో అపార్ట్‌మెంట్లు కడతారట, అందులో కొన్ని తక్కువ ఆదాయం వాళ్ళకి. అప్పటినుంచి మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. స్కూళ్ళు పాడైపోతాయి, ఇళ్ళ రేట్లు పడిపోతాయి, 'అలాంటివాళ్ళు' వచ్చేస్తారు అని. వద్దంటూ ఒక పిటిషన్ తిరుగుతోంది. మావారు సంతకం పెట్టారు. నేను పెట్టలేదు. అలాగని ఎందుకు పెట్టలేదో గట్టిగా చెప్పలేకపోయాను.

మా పాపకి స్విమ్మింగ్ క్లాసులో ఒక నల్లజాతి అమ్మాయితో బాగా స్నేహం. వాళ్ళమ్మ మా ఊళ్ళోనే ఒక నర్సింగ్ హోమ్‌లో పని చేస్తుంది. పక్క సిటీ నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. ఆవిడ ఎదురైనప్పుడల్లా ఆ పిటిషనే గుర్తొస్తోంది. జాతుల మధ్య, ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మధ్య ఈ ఎడం తగ్గడానికి మాలాంటి మామూలు కుటుంబం చెయ్యగలిగేది ఏమైనా ఉందా? ఏటా ఫుడ్ బ్యాంకుకి ఇస్తాం, అంతే. 'ఈ దేశం చరిత్రతో మనకేం సంబంధం, మనం నిన్నమొన్న వచ్చినవాళ్ళం' అంటారు మావారు. దానికి కూడా జవాబు చెప్పండి.
— ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, సంతకం పెట్టకపోవడంతోనే మీరు మొదటి పని చేసేశారు. ఎందుకు పెట్టలేదో చెప్పలేకపోయానని బాధపడకండి. ఆ కారణాన్ని వెతికి మీ చేతికివ్వడమే ఈ జవాబులో నా పని. వేరే సలహాలూ ఉన్నాయి, చివర్లో చెబుతాను. కానీ మీరు అడిగిన దానికి అసలు తాళంచెవి ఆ పిటిషన్‌లోనే ఉంది.

ఫుడ్ బ్యాంకుకి ఇవ్వడం మానకండి. ఈ రాత్రి ఆకలికి అది కావాలి. అయితే ఒక పిల్ల పెద్దయ్యాక ఎలా బతుకుతుందన్నది చాలావరకు ఏ వీధిలో, ఏ బడి పక్కన పెరిగిందన్న దాని మీద ఉంటుంది. ఇది నా అభిప్రాయం మాత్రమే అనుకోకండి. 1994లో ఇక్కడి ప్రభుత్వం ఐదు పెద్ద నగరాల్లో పేద కుటుంబాల మధ్య లాటరీ తీసి, కొందరికి పేదరికం తక్కువున్న పేటలకు మారడానికి అద్దె సాయం ఇచ్చింది. రాజ్ చెట్టి, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు ఆ పిల్లలు పెద్దయ్యాక లెక్కలు తీసి చూశారు. పదమూడేళ్ళు నిండకముందే మారిన పిల్లలు, పాతికేళ్ళ వయసు వచ్చేసరికి, అక్కడే ఉండిపోయిన పిల్లల కన్నా 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. తల్లిదండ్రుల జీతాల్లో చెప్పుకోదగ్గ మార్పేం రాలేదు. పిల్లల బతుకు మాత్రం మారింది.

మరి ఎవరి పిల్లలు ఏ వీధిలో పెరగాలో తేల్చేది ఎవరు? మీ టౌన్‌షిప్ ఆఫీసులో ఉండే జోనింగ్ మ్యాపు. ఇంత స్థలానికి ఒకటే ఇల్లు, ఇక్కడ అపార్ట్‌మెంట్లు కట్టకూడదు అని అందులో ఉంటుంది. ఏ జాతి పేరూ ఉండదు. పేరు రాయాల్సిన అవసరం లేదు, ఇంటి ధరే ఆ పని చేసేస్తుంది.

ఇది మనకి తెలియని సంగతేం కాదు. ఊరు, ఊరి బయట వాడ. మధ్యలో ఎవరూ గోడ కట్టలేదు, అయినా ఎవరు ఎక్కడ ఉండాలో పసిపిల్లలకి కూడా తెలుసు. బావి, బడి, భూమి అన్నీ ఊరివైపే. అమెరికా ఆ గీతను కాగితం మీదే గీసింది. 1930ల్లో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ రెండువందలకు పైగా నగరాలకు మ్యాపులు వేయించింది. నల్లజాతివాళ్ళు ఉండే పేటలకు దాదాపు అన్నిచోట్లా ఎర్ర రంగు పూశారు. ఇక్కడ అప్పిస్తే ప్రమాదం అని దానర్థం. రెడ్‌లైనింగ్ అన్న మాట ఆ ఎర్ర రంగు నుంచే వచ్చింది. 1934లో పుట్టిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ కూడా, వేర్వేరు జాతులు కలిసి ఉండే చోట ఇంటి లోనుకు హామీ ఇవ్వడం మంచిది కాదని తన రూల్సు పుస్తకంలోనే రాసుకుంది. ప్రభుత్వ హామీతో తక్కువ వడ్డీకి ఇళ్ళు కొనుక్కున్న తరం దాదాపు అంతా తెల్లవాళ్ళు. ఆ ఇళ్ళ విలువ పెరిగింది. పిల్లల కాలేజీకి అదే పనికొచ్చింది, వాళ్ళ మొదటి ఇంటి డౌన్ పేమెంటుకీ అదే.

2022లో ఫెడరల్ రిజర్వ్ చేసిన సర్వేలో నడిమధ్య తెల్లజాతి కుటుంబం (ఆస్తి ప్రకారం అందరినీ వరసగా నిలబెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) నికర ఆస్తి 2,85,000 డాలర్లు. నల్లజాతి కుటుంబానిది 44,900. ఇది జీతాల తేడా అనుకోకండి. జీతం పోయిన నెలలో, జబ్బు చేసిన ఏడాదిలో ఇంటిని నిలబెట్టేది ఆస్తి. కష్టపడితే అందరూ పైకి వస్తారని మీ గ్రూపులో ఎవరో ఒకరు అనే ఉంటారు. రెండు బస్సులు మారి వచ్చి ముసలివాళ్ళను ఎత్తి కూర్చోబెట్టి, స్నానం చేయించే మనిషి కష్టపడటం లేదని ఎవరనగలరు?

ఇక మీవారి మాట. ఆయన అడిగింది తప్పు ప్రశ్న కాదు, చాలామంది మనసులో ఉన్నదే. ఆ ఎర్ర గీత గీసింది మనం కాదు. కానీ మనం ఇక్కడికి రాగలిగిందీ, వచ్చాక నచ్చిన చోట ఇల్లు కొనుక్కోగలిగిందీ ఆ గీతతో పోరాడినవాళ్ళ వల్లే. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే ఆయన, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పని చేసినవాడు, పౌరసత్వం కోసం సుప్రీం కోర్టు దాకా వెళ్ళాడు. భారతీయులు తెల్లవాళ్ళ కిందికి రారు కాబట్టి కుదరదని కోర్టు తేల్చింది. అప్పటికే పౌరసత్వం వచ్చిన మనవాళ్ళు కొందరికి అది కూడా పోయింది. మనలాంటివాళ్ళకి తలుపు తెరిచింది 1965 వలస చట్టం. నల్లజాతివాళ్ళు వీధుల్లో దెబ్బలు తిని 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం సాధించిన ఆ ఊపులోనే ఇదీ వచ్చింది. ఇళ్ళ అమ్మకాల్లో, అద్దెల్లో జాతి చూడకూడదన్న ఫెయిర్ హౌసింగ్ చట్టం మీద సంతకం పడింది 1968 ఏప్రిల్ 11న, మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపిన వారానికి. పదకొండేళ్ళ కింద మీరు ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు మీ పేరు విని ఏజెంటు ముఖం చాటేయలేదంటే, మీ వెనక ఆ చట్టం నిలబడి ఉంది. మీవారికి ఇది మెల్లగా, వాదనలా కాకుండా చెప్పండి. వినే మనిషేనని మీ ఉత్తరం చూస్తే నాకు అనిపిస్తోంది.

మీరు న్యూజెర్సీలో ఉన్నారు కాబట్టి మౌంట్ లారెల్ సంగతి తప్పకుండా తెలుసుకోవాలి. కామ్‌డెన్ నగరానికి దగ్గర్లో ఉన్న టౌన్‌షిప్ అది. నల్లజాతి కుటుంబాలు తరతరాలుగా ఉన్న ఊరే. కోళ్ళ షెడ్లను ఇళ్ళుగా మార్చుకుని బతికినవాళ్ళు కూడా వాళ్ళలో ఉన్నారు. ఊరు పెరిగి కొత్త కాలనీలు వచ్చేసరికి వాళ్ళ పిల్లలకి పుట్టిన ఊళ్ళోనే ఇల్లు దొరక్కుండా పోయింది. ఎథెల్ లారెన్స్ అనే ఆవిడ, ఇంకొందరు కలిసి 36 చిన్న అపార్ట్‌మెంట్లు కట్టుకుంటామని అడిగారు. టౌన్‌షిప్ ఒప్పుకోలేదు. స్తోమత లేనివాళ్ళు వేరే ఊరు చూసుకోవాలని మేయరు ముఖం మీదే చెప్పాడు, అదీ వాళ్ళ చర్చిలో నిలబడి. వాళ్ళు కోర్టుకెళ్ళారు. 1975లో న్యూజెర్సీ సుప్రీం కోర్టు తీర్పు ఇచ్చింది: జోనింగ్ పేరుతో పేదవాళ్ళను బయట పెట్టడం కుదరదు, తక్కువ ఆదాయం వాళ్ళ ఇళ్ళకు ప్రతి ఊరూ తన వంతు చోటివ్వాలి. అయినా ఇళ్ళు లేవలేదు. 1983లో కోర్టు మళ్ళీ గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఎథెల్ లారెన్స్ 1994లో చనిపోయారు. ఆవిడ పేరు పెట్టిన ఇళ్ళలోకి మొదటి కుటుంబాలు అడుగుపెట్టింది ఆ తర్వాత ఆరేళ్ళకి, అంటే 2000లో.

ఆ ఇళ్ళకు ముందు కూడా సరిగ్గా మీ గ్రూపులో మాటలే వినపడ్డాయి. నేరాలు పెరుగుతాయి, పన్నులు పెరుగుతాయి, రేట్లు పడిపోతాయి అని. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి చెందిన డగ్లస్ మాసీ బృందం తర్వాత అక్కడికి వెళ్ళి, చుట్టుపక్కల ఊళ్ళతో పోల్చి లెక్కలు తీసింది. నేరాల్లో, పన్నుల్లో, ఇళ్ళ ధరల్లో చివరికి కట్టిన ఆ 140 ఇళ్ళ వల్ల వచ్చిన తేడా ఏమీ కనిపించలేదు. పక్క కాలనీల్లో కొందరికైతే అక్కడ అలాంటి ఇళ్ళున్నాయన్న సంగతే తెలియదట. లోపలికి వచ్చిన కుటుంబాలకు మాత్రం పని దొరికింది, ఆదాయం పెరిగింది, పిల్లలకు చదువుకోవడానికి నిశ్శబ్దంగా ఒక గది దొరికింది. రేట్ల గురించి మీవారి భయం తీర్చడానికి దీనికన్నా దగ్గరి ఉదాహరణ ఇంకొకటి నాకు తెలియదు.

ఇంకో మాట కూడా ఆయనకి చెప్పండి. న్యూజెర్సీలో 2024 మార్చిలో వచ్చిన చట్టం ప్రకారం, తక్కువ ఆదాయం వాళ్ళ ఇళ్ళలో 2025 నుంచి 2035 వరకు ఏ ఊరి వంతు ఎంతో లెక్క కట్టారు. పిటిషన్‌తో ఆ బాధ్యత పోదు. ఊరు తన వంతు ప్లాను చెయ్యకపోతే కోర్టు రక్షణ పోతుంది. అప్పుడు ఎక్కడ, ఎన్ని కట్టాలన్నది బిల్డర్లు దావా వేసి తేల్చుకోవచ్చు. ఊరి మాటకు విలువ ఉండాలంటే ఊరు ముందుకు రావాలి.

ఆ 'అలాంటివాళ్ళు' ఎవరో కూడా చూద్దాం. ఇలాంటి ప్రాజెక్టుల్లో సాధారణంగా 15 నుంచి 20 శాతం ఇళ్ళే ఈ లెక్కలోకి వస్తాయి, మిగతావి మామూలు రేటుకే. ఈ ప్రాంతపు నడిమధ్య ఆదాయంలో 80 శాతం లోపు ఉన్నవాళ్ళు దరఖాస్తు చేసుకోవచ్చు. ఇళ్ళు లాటరీలో ఇస్తారు. నర్సింగ్ హోమ్ ఆయాలు, స్కూల్ బస్సు డ్రైవర్లు, కొత్తగా చేరిన టీచర్లు, విడాకులు తీసుకుని పిల్లలతో ఒంటరిగా ఉన్న ఆడవాళ్ళు. ఆ చివరి వరసలో మన తెలుగు ఆడపిల్లలు కూడా ఉంటారమ్మా, బయటికి చెప్పుకోరు గానీ.

కొన్నేళ్ళ కింద మా ఊళ్ళో ఇలాంటి ప్రాజెక్టుకే అనుమతివ్వాలా వద్దా అని టౌన్‌షిప్ ప్లానింగ్ బోర్డు జనం ముందు పెట్టిన మీటింగుకి వెళ్ళాను. హాలు నిండిపోయింది, గోడల వెంట కూడా జనం నిలబడ్డారు. మైకు ముందు పొడుగాటి వరస. వచ్చినవాళ్ళందరూ ట్రాఫిక్ అన్నారు, చెట్లు అన్నారు, మురుగుకాలువలు అన్నారు. చాలా సేపటికి యూనిఫాం జాకెట్‌తోనే ఒకావిడ వచ్చింది, స్కూల్ బస్సు డ్రైవరు. చేతిలో మడత పెట్టిన కాగితం వణుకుతోంది. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తానని, ఏడింటికల్లా మీ పిల్లల్ని ఎక్కించుకుంటానని, వాళ్ళ పేర్లన్నీ నాకు తెలుసునని, ఎవరికి వేరుశనగ పడదో కూడా తెలుసునని చదివింది. "నా పిల్లల్ని బస్సెక్కించడానికి మాత్రం నేను ఇంట్లో ఉండను" అంది. హాల్లో చప్పుడు లేదు. నేనూ మాట్లాడదామనే వెళ్ళాను. ఆ వరసలో నిలబడటానికి ధైర్యం చాలక వెనక్కి వచ్చేశాను. ఇన్నేళ్ళయినా అది నన్ను వదల్లేదు. అందుకే మీకు ఇంత వివరంగా రాస్తున్నాను.

కాబట్టి మీరు మీటింగుకి వెళ్ళండి. ప్లానింగ్ బోర్డు తేదీ, ఎజెండా టౌన్‌షిప్ ఆఫీసులో అడిగితే చెబుతారు. స్థలానికి 200 అడుగుల లోపు ఇళ్ళవాళ్ళకే పది రోజుల ముందు నోటీసు వస్తుంది, మైలు దూరంలో ఉన్న మీకు రాదు, మీరే కనుక్కోవాలి. స్కూల్లో గదులు చాలతాయా, రోడ్డు దాటే చోట సిగ్నల్ పెడతారా, బస్ స్టాపు ఎంత దూరం — ఇవి న్యాయమైన ప్రశ్నలే, అడగండి. 'కట్టొద్దు' అనడానికి సాకుగా అడగడం వేరు, బాగా కట్టడం కోసం అడగడం వేరు. మీతోపాటు ఇద్దరు స్నేహితురాళ్ళను తీసుకెళ్ళండి. మన మొహాలు అనుకూలం వైపు ముగ్గురివి కనపడినా బోర్డు గమనిస్తుంది.

ఇప్పుడు మన చేతిలోనే ఉన్న ఇంకో పని. మనవాళ్ళలో చాలామందికి అద్దెకిచ్చే రెండో ఇల్లు ఉంటుంది. గ్రూపుల్లో ప్రకటనలు చూడండి: 'ఓన్లీ ఇండియన్ ఫ్యామిలీస్'. ఇల్లు అద్దెకిస్తూ జాతి, మతం, పుట్టిన దేశం ఫలానాది కావాలని ప్రకటించడం 1968 చట్టం ప్రకారం నేరుగా తప్పు. సెక్షన్ 8 వోచర్, అంటే తక్కువ ఆదాయం వాళ్ళకి ప్రభుత్వం చేసే అద్దె సాయం, ఉందని అద్దెకు ఇవ్వననడం న్యూజెర్సీలో చట్టవిరుద్ధం. అసలు ఆ వోచర్ ఎలా పని చేస్తుందో తెలియకే భయపడతారు. అద్దెకుండేవాళ్ళు తమ ఆదాయంలో సుమారు 30 శాతం కడతారు, మిగతాది హౌసింగ్ అథారిటీ ప్రతి నెలా నేరుగా యజమానికే పంపుతుంది. ముందు ఒకసారి, ఆ తర్వాత అప్పుడప్పుడు వచ్చి ఇల్లు తనిఖీ చేస్తారు, అంతే. దేశం మొత్తం మీద అర్హత ఉన్న నాలుగు కుటుంబాల్లో ఒక్కదానికే ఈ సాయం అందుతోంది. ఏళ్ళ తరబడి ఎదురుచూసి వోచర్ చేతికొచ్చినా తీసుకునే యజమాని దొరక్క అది గడువు దాటిపోతుంటుంది. మీకు అలాంటి ఇల్లుంటే వోచర్ ఉన్నవాళ్ళను కూడా రమ్మని రాయండి. లేకపోతే ఉన్న స్నేహితులకు చెప్పండి.

ఆఫీసులో మీరిద్దరూ రిఫరల్స్ ఇచ్చే స్థాయిలో ఉండే ఉంటారు. డీవా పేజర్ అనే సామాజిక శాస్త్రవేత్త మిల్వాకీలో ఒకే రకం అర్హతలున్న కుర్రాళ్ళను ఉద్యోగాలకి పంపి చూసింది. జైలు రికార్డు ఉందని చెప్పిన తెల్లవాళ్ళకు 17 శాతం చోట్ల మళ్ళీ పిలుపొచ్చింది. ఏ రికార్డూ లేని నల్లవాళ్ళకు 14 శాతం. 2003లో అచ్చయిన ఈ లెక్క చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. మనం మనవాళ్ళనే రిఫర్ చేస్తాం, అది సహజం. కానీ ప్రతి ఖాళీ అలాగే నిండితే బయటివాళ్ళకి తలుపు ఎప్పుడు తెరుచుకుంటుంది? మీ టీములో ఇంటర్న్‌షిప్ ఉంటే దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ కాలేజీకి కూడా ఆ ప్రకటన పంపించమని మేనేజరుని అడగండి. ఒక ఈమెయిల్ పని.

లెక్కలు వచ్చిన చెయ్యి మీది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా వీటా అని ఐఆర్ఎస్ నడిపించే కార్యక్రమం ఉంటుంది, తక్కువ ఆదాయం వాళ్ళకి వాలంటీర్లు ఉచితంగా టాక్స్ రిటర్న్‌లు చేసి పెడతారు. ఆన్‌లైన్‌లో చదివి పరీక్ష పాసైతే చాలు. ఎర్న్‌డ్ ఇన్‌కమ్ టాక్స్ క్రెడిట్ అని, తక్కువ జీతాలవాళ్ళకి టాక్స్ రిటర్న్ ద్వారా ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఒకటుంది. దానికి అర్హత ఉన్న ప్రతి ఐదుగురిలో ఒకరు దాన్ని అడగనే అడగరు. ముగ్గురు పిల్లలున్న ఇంటికి 2024 లెక్కల్లో అది 7,830 డాలర్ల దాకా ఉంది. ఒక శనివారం పొద్దున మీరు కూర్చుంటే ఒక కుటుంబానికి అంత డబ్బు రావచ్చు. ఏటా ఇచ్చే విరాళం కన్నా ఇదే ఎక్కువ అని నా నమ్మకం. అలాగే మీ అత్యవసర నిధిలో కొంత, పేద పేటల్లో అప్పులిచ్చే కమ్యూనిటీ క్రెడిట్ యూనియన్‌లో వెయ్యండి. ఫెడరల్ బీమా ఉన్న దాన్నే చూసుకోండి, 2,50,000 డాలర్ల దాకా భద్రం.

ఇక ఇంట్లో. నల్లజాతివాళ్ళ గురించి మనవాళ్ళు తెలుగులో వాడే మాటలు మీకు తెలుసు, నేను రాయను. పిల్లలకి అర్థం కావనుకుంటాం. మీ పాపకి అన్నీ అర్థమవుతాయి, తన స్నేహితురాలి గురించేనని కూడా తెలుస్తుంది. ఎవరు వచ్చినా, పెద్దవాళ్ళయినా సరే, 'మా ఇంట్లో ఆ మాట వద్దండి' అనండి.

ఆ అమ్మాయిని, వాళ్ళమ్మని ఇంటికి పిలవండి. జాలితో పిలవొద్దు, స్కూల్ ఫ్రెండ్స్ తల్లుల్ని ఎలా పిలుస్తారో అలాగే. తిరిగి వాళ్ళింటికి పిలిస్తే తప్పకుండా వెళ్ళండి, మీవారిని కూడా తీసుకెళ్ళండి. రాజ్ చెట్టి బృందమే 2022లో కోట్ల కొద్దీ ఫేస్‌బుక్ స్నేహాలను పరిశీలించి, పేద పిల్లలు పైకి రావడానికీ కలిగినవాళ్ళతో వాళ్ళకున్న స్నేహాలకీ చాలా గట్టి సంబంధం ఉందని చూపించింది. అది ఒకవైపు లాభం. రెండు బస్సుల ప్రయాణంలో ఏది తప్పితే ఎంత జీతం కోత పడుతుందో ఆవిడ నోటి వెంట వినడం మీ ఇంటికి లాభం. పిటిషన్ సంగతి మాత్రం ఆవిడ ముందు ఎత్తకండి. ఆవిడ చేత మీ మనసు తేలిక చేయించుకోవద్దు.

మీటింగులో ఏం మాట్లాడాలో ముందే రాసుకోండి. మామూలుగా మూడు నిమిషాలే ఇస్తారు, మొదట పేరు, చిరునామా అడుగుతారు. ఇలా మొదలుపెట్టొచ్చు: "నేను ఈ ఊళ్ళో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. మా అమ్మాయి ఇక్కడే చదువుతోంది. మా ఊళ్ళో పని చేసేవాళ్ళు మా ఊళ్ళో ఉండగలగాలని అడగడానికి వచ్చాను." ఇంగ్లిష్ తడబడితే తడబడనివ్వండి. ఏమైందో నాకు రాయండి, మీవారు ఏమన్నారో కూడా.